బెడ్‌లో ఇసుక గడ్డ కడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఎఫ్‌బీసీ బాయిలర్‌లో (కింది నుంచి గాలి ఊది ఆడించే వేడి ఇసుక పొరలో, అంటే బెడ్‌లో, ఇంధనం కాల్చేది) ఎప్పుడూ వరి ఊకే కాల్చేవాళ్లం. ఈ సీజన్లో ఊక చాలక శనక్కాయ పొట్టు కలిపాం. మూడో రోజుకల్లా బెడ్ ఒక పక్క 930 డిగ్రీలు, ఇంకో పక్క 620. ఏటి ఇసుక గడ్డ కట్టింది. గాలి పెంచినా లాభం లేదు.
— ఒక పాఠకుడు, బంగారుపాళ్యం

జవాబు: శనక్కాయ పొట్టు బూడిదలో పొటాషియం ఎక్కువ. అది ఇసుకలోని సిలికాతో కలిసి, తక్కువ వేడికే కరిగే గాజు అవుతుంది. ఒక గడ్డను విరిచి చూడండి, లోపల నిగనిగలాడుతూ కనిపిస్తుంది. గాలి పెంచకండి. అది గడ్డను వదిలేసి పలచని పక్క నుంచి పోతూ అక్కడి ఇసుకను ఎత్తుకుపోతుంది.

ఈ జబ్బును విండ్‌బాక్స్ (బెడ్ కింద గాలి నిండే పెట్టె) ఒత్తిడి గేజి ముందే చెబుతుంది. ఆపి ఉన్నప్పుడు 250 మి.మీ. లోతుండే ఇసుక, లీటరుకు 1.4 కిలోల లెక్కన, 350 మి.మీ. నీటి మట్టమంత ఒత్తిడి చూపాలి. బెడ్‌లోకి గాలి ఊదే నాజిళ్ల ఒత్తిడి దీనికి అదనం. బెడ్ బాగుంటే ముల్లు సన్నగా వణుకుతుంది. గాలి మోతాదు మారకుండానే ముల్లు దిగి, కదలక నిలిచిపోతే గడ్డ మొదలైనట్టే. అదే ఒత్తిడి పెరిగితే నాజిళ్లు పూడినట్టు.

ఇప్పుడు ఫీడు ఆపి, ఉన్న పొట్టు కాలిపోయాక ఫ్యాన్‌తోనే చల్లార్చండి. నీళ్లు మాత్రం చల్లకండి: ఆవిరి ఎగజిమ్ముతుంది, ఇటుక పగులుతుంది. పూర్తిగా చల్లారాకే మనిషిని దింపి, ఇసుకంతా తీసి, నాజిళ్లు ఒక్కొక్కటీ పొడిచి శుభ్రం చేయించండి. ఏటి ఇసుక బదులు 1 నుంచి 2 మి.మీ. ఫైర్‌బ్రిక్ గుండ పోయడం మేలు. మనుషులంతా బయటికొచ్చాక చల్లటి బెడ్‌ను ఐదు నిమిషాలు ఆడించి, ఫ్యాన్ టక్కున ఆపండి. మట్టం సమంగా ఉంటే సరే. దిబ్బగా మిగిలినచోట కింద నాజిల్ ఇంకా మూసుకునే ఉంది.

పొట్టును నాలుగో వంతుతో మొదలుపెట్టి, బెడ్ 800 దాటకుండా చూడండి. రోజూ కొంత పాత గుండ దించి కొత్తది పోయండి.

ప్రశ్న: కింది నుంచి గాలి ఊదితే 10 సెం.మీ. అడ్డుకొలత గొట్టంలో చింతగింజల రవ్వ చక్కగా ఆరింది. అలాంటిదే 1 మీటరు డ్రయ్యర్‌లో 15 సెం.మీ. లోతు పోస్తే ఒక మూల కదలట్లేదు. గాలి వచ్చే అడుగు ప్లేటుకు పెద్ద రంధ్రాలు వేశాం.
— ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: అడ్డుకొలత 10 రెట్లయితే వైశాల్యం 100 రెట్లు, గాలీ అంతే కావాలి, ముందు ఫ్యాన్ చూడండి. రెండోది ప్లేటు. లీటరుకు 0.7 కిలోల రవ్వ అనుకుంటే బెడ్ ఒత్తిడి 105 మి.మీ. నీటి మట్టం. ప్లేటు అందులో మూడో వంతైనా, అంటే 35 మి.మీ., అడ్డుకోవాలి. రంధ్రాలు పెద్దవైతే గాలి పలచగా ఉన్నచోటే దూరిపోతుంది. సన్న రంధ్రాల ప్లేటు మార్చి, రవ్వ పోయకముందే ఖాళీ ప్లేటు ఒత్తిడి కొలవండి.