ఈఈఈ చదివి క్వెంచ్ డిటెక్షన్ వైపు వెళ్లవచ్చా?

ప్రశ్న: కాకినాడలో బీటెక్ ఈఈఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. సూపర్ కండక్టింగ్ (అతి చల్లదనంలో రెసిస్టెన్స్ లేకుండా కరెంటు మోసే) మాగ్నెట్లలో క్వెంచ్‌ను, అంటే ఆ అతివాహకత హఠాత్తుగా పోవడాన్ని గుర్తించడంపై సెమినార్ ఇచ్చినప్పటి నుంచి ఇదే చేయాలనిపిస్తోంది. అది ఫిజిక్స్ వాళ్ల పని, సాఫ్ట్‌వేర్ చూసుకోమని ఇంట్లో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ధైర్యంగా వెళ్లండి. తీగ తయారీ ఫిజిక్స్, మెటీరియల్స్ వాళ్లదే కావచ్చు కానీ, క్వెంచ్‌ను పట్టుకోవడం అచ్చంగా మీ బ్రాంచి పని.

మీరు చదివే ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్ రిలేను గుర్తు చేసుకోండి. రెండు వైపుల కరెంట్లను పోల్చి, తేడా వస్తే ట్రిప్ చేసే రక్షణ పరికరం అది. యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన సంస్థ సెర్న్‌లో ఉన్న భారీ కణ త్వరణ యంత్రం ఎల్‌హెచ్‌సీలోనూ ఆలోచన అలాంటిదే. కణాల దారిని వంచే డైపోల్ మాగ్నెట్‌లోని రెండు భాగాల వోల్టేజీలను పోల్చి చూస్తారు. 100 మిల్లీవోల్టులకు మించిన తేడా 10 మిల్లీసెకన్లు నిలిచిందంటే, ఒకచోట అతివాహకత పోయి రెసిస్టెన్స్ పుట్టిందని అర్థం. వెంటనే రక్షణ వ్యవస్థ పనిలోకి దిగుతుంది.

అక్కడి తీగ నియోబియం-టైటానియం. అందులో క్వెంచ్ సెకనుకు మీటర్ల వేగంతో పాకుతుంది కాబట్టి వోల్టేజీ త్వరగా పెరిగి దొరికిపోతుంది. అంత చల్లదనం అవసరం లేని హై టెంపరేచర్ సూపర్ కండక్టర్ టేపుల్లో ఆ వేగం సెకనుకు మిల్లీమీటర్లు, మహా అయితే సెంటీమీటర్లు. సంకేతం మన కంటికి ఆనేలోపే ఆ చోటు కాలిపోవచ్చు. పైగా కరెంటు పెంచేటప్పుడు పుట్టే ఇండక్టివ్ వోల్టేజీ, పవర్ సప్లై నాయిస్ ఆ కాస్త సంకేతాన్నీ మింగేస్తాయి. అందుకే కాయిల్ వెంట ఆప్టికల్ ఫైబర్ వేసి వేడిని కనిపెట్టడం, శబ్దాన్ని వినే సెన్సర్లు పెట్టడం లాంటివి ప్రయత్నిస్తున్నారు. 2021లో 20 టెస్లాల అయస్కాంత క్షేత్రాన్ని అందుకున్న ఎంఐటీ ఫ్యూజన్ మాగ్నెట్‌లో కూడా, తర్వాత కావాలని క్వెంచ్ తెప్పించిన పరీక్షలో కొంత భాగం కరిగిపోయింది. మీలాంటి వాళ్లకు ఇక్కడ చేతినిండా పని ఉంది.

ఇంట్లోవాళ్ల టెన్షన్‌లోనూ న్యాయం ఉంది. ఒక్క బీటెక్‌తో ఈ ఉద్యోగాలు దొరకడం కష్టం. మన దేశంలో ఈ మాగ్నెట్లతో పనిచేసే పరిశోధన కేంద్రాలు కొన్నే: గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థ, కోల్‌కతాలో వీఈసీసీ, ఇండోర్‌లో ఆర్‌ఆర్‌క్యాట్, ఢిల్లీలో ఐయూఏసీ. గేట్ బాగా రాసి ఐఐటీ ఖరగ్‌పూర్‌లో క్రయోజెనిక్ (అతిశీతల) ఇంజినీరింగ్ ఎంటెక్‌కు ప్రయత్నించండి. 2017 నుంచి భారత్ సెర్న్‌లో అసోసియేట్ సభ్యదేశం. అక్కడి టెక్నికల్ స్టూడెంట్ ప్రోగ్రామ్‌పైనా కన్నేసి ఉంచండి.

ఈలోగా ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును ఇటే మళ్లించండి. చల్లబరచడానికి లిక్విడ్ నైట్రోజన్ అవసరం లేదు. మధ్యలో ట్యాప్ ఉన్న మామూలు కాయిల్ చుట్టి, రెండు సగాల వోల్టేజీలను పోల్చే బ్రిడ్జి సర్క్యూట్ కట్టి, మారే కరెంటు పంపండి. ఒక సగంలో చిన్న రెసిస్టర్‌ను హఠాత్తుగా కలపండి. అదే మీ క్వెంచ్. నాయిస్‌లో దాన్ని ఎన్ని మిల్లీసెకన్లలో పట్టుకున్నారు, ఎన్నిసార్లు అనవసరంగా ట్రిప్ అయింది అన్నవి రెండూ లెక్క రాసుకోండి. మొదట మైక్రోకంట్రోలర్‌తో, తర్వాత ఎఫ్‌పీజీఏతో (మనకు కావాల్సిన సర్క్యూట్‌గా మలచుకోగల చిప్) చేయండి. ఈ నైపుణ్యం రిలే తయారీ కంపెనీల్లోనూ, ఈవీ బ్యాటరీ రక్షణలోనూ పనికొస్తుంది. ఆ సంగతి అమ్మానాన్నలకు తప్పకుండా చెప్పండి.