బ్యాండ్ రాకపోతే ఏం చేస్తుందో అడగండి

ప్రశ్న: మా అమ్మాయి మైక్రోబయాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. ప్రొటీన్లను వేరుచేసి వ్యాధికారక వైరస్‌లు, బ్యాక్టీరియాల జాడ పట్టే ప్రొటియోమిక్స్‌లో పీజీ చేస్తానంటోంది. ఇప్పుడంతా జన్యుక్రమం మొత్తం చదివే జీనోమ్ సీక్వెన్సింగ్‌దేనని మావాళ్లంటున్నారు. ఏది మేలు? రోజూ క్రిములతో పని ప్రమాదం కాదా? - ఒక తల్లి

జవాబు: ముందు భయం సంగతి చూద్దామమ్మా. ప్రొటీన్లను సైజును బట్టి వేరుచేసే మెత్తటి పలకను జెల్ అంటారు. దానికి ఎక్కించే నమూనాను ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉన్న బఫర్ ద్రావణంలో 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడిచేస్తారు. చాలా క్రిముల కథ అక్కడే ముగుస్తుంది. క్షయ బ్యాక్టీరియాకూ ఆంత్రాక్స్ స్పోర్లకూ అది చాలదు. వాటికి పద్ధతులు వేరు, ల్యాబ్‌లూ వేరు. మొదటి ఏడాది విద్యార్థులు నిజంగా జాగ్రత్తపడాల్సింది జెల్ తయారీకి వాడే, ఇంకా గడ్డకట్టని అక్రిలమైడ్‌తో. అది నరాలకు విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు.

ఇక ప్రొటియోమిక్స్. ఆ పేరుకున్న మెరుపు మీద నాకు కొంచెం అనుమానమే. మాల్డీ-టాఫ్ అనే మాస్ స్పెక్ట్రోమీటర్ (ప్రొటీన్ల బరువులు కొలిచే యంత్రం) ప్లేటు మీద బ్యాక్టీరియా కాలనీని పలచగా పూసి, 1 మైక్రోలీటరు మ్యాట్రిక్స్ ద్రావణం వేసి ఆరనిస్తే చాలు. 2,000 నుంచి 20,000 డాల్టన్ల మధ్యనున్న ప్రొటీన్ల బరువులు చూసి యంత్రం నిమిషాల్లో జాతి పేరు చెబుతుంది. దాన్ని నడపడానికి పీజీ అక్కర్లేదు. పైగా దగ్గరి చుట్టాలైన ఈ.కోలై, షిగెల్లా బ్యాక్టీరియాలను విడదీయడంలో అది తడబడుతుంది. వైరస్‌లతో మరీ కష్టం: వాటిలో ప్రొటీన్ రకాలు తక్కువ, అవి పెరిగిన కణాల ప్రొటీన్ల హోరులో వాటి గొంతు వినబడదు. ఒక వార్డులోని బ్యాక్టీరియానే పక్క వార్డుకు పాకిందా అని తేల్చాలంటే చాలాసార్లు సీక్వెన్సింగ్‌కే వెళ్లాలి. పేరు చెప్పడం ఒక పని, జాడ పట్టడం మరో పని. కోర్సు బ్రోచర్లు రెండింటినీ కలిపేస్తాయి.

అలాగని అమ్మాయిని ఆపకండి. అసలు మీ ఉత్తరంలో 'మావాళ్లు' ఉన్నారు గానీ, పిల్లకి ఆ సబ్జెక్టులో ఏం నచ్చిందో ఒక్క ముక్క లేదు. అడిగారా?

మీ దిగులు ఉద్యోగం గురించేనని తెలుస్తూనే ఉంది. చేతిపని వచ్చినవాళ్లు ఖాళీగా ఉండటం తక్కువే. జెల్ గట్టిపడలేదంటే దాన్ని గట్టిపరిచే ఏపీఎస్ రసాయనం పాతబడిందేమో చూడాలి. బ్యాండ్లు, అంటే జెల్ మీద ప్రొటీన్ల గీతలు, నవ్వినట్టు వంగితే జెల్ వేడెక్కినట్టు. జెల్‌లోని ప్రొటీన్లను మెంబ్రేన్ అనే పలుచటి పొరకి మార్చి యాంటీబాడీతో వెతికే వెస్టర్న్ బ్లాట్‌లో తెల్లటి గుండ్రటి ఖాళీ కనిపిస్తే ట్రాన్స్‌ఫర్‌లో గాలిబుడగ చిక్కినట్టు. బ్యాండే రాకపోతే యాంటీబాడీని తిట్టేముందు పొన్సో రంగు వేసి, ప్రొటీన్ అసలు మెంబ్రేన్‌కి చేరిందో లేదో చూడాలి. ఇలా తప్పు వెతకడం అలవాటైన పిల్ల రేపు సీక్వెన్సింగ్ ల్యాబ్‌కి వెళ్లినా నెగ్గుకొస్తుంది. అక్కడా కల్చర్ (క్రిములను పెంచడం), ఎక్స్‌ట్రాక్షన్ (వాటి జన్యు పదార్థాన్ని బయటకు తీయడం) చేత్తోనే మొదలవుతాయి.

సీటు తీసుకునేముందు కాలేజీని రెండే అడగండి: ఒక్కో విద్యార్థి సొంతంగా ఎన్ని జెల్స్ నడుపుతారు, మాస్ స్పెక్ట్రోమీటర్‌ని ముట్టనిస్తారా లేక అద్దం అవతలి నుంచి చూపిస్తారా? అద్దం అవతలి నుంచే అంటే వేరే కాలేజీ చూడండి. ఎక్కడ చేరినా స్టాటిస్టిక్స్, కాస్త కోడింగ్ పక్కనే నేర్చుకోమనండి.