చైనాలో టీచర్ ఉద్యోగం: అమ్మాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసింది. నాలుగేళ్లుగా విజయవాడలో ఓ ప్రైవేటు స్కూల్లో పనిచేస్తోంది. చైనాలో చిన్నపిల్లలకు ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగం ఉందని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ముందు బిజినెస్ వీసాపై వెళ్తే, అక్కడ వర్క్ వీసాగా మార్పిస్తారట. తను శాకాహారి, భాష రాదు, ఒక్కతే ఉండాలి. పంపమంటారా? – ఒక తల్లి, గుడివాడ

జవాబు: చైనాకు పంపండి. ఈ ఉద్యోగానికి మాత్రం వద్దు.

మీరు తిండి గురించీ ఒంటరితనం గురించీ టెన్షన్ పడుతున్నారు. నాకు భయమేసింది మాత్రం ‘బిజినెస్ వీసా’ అన్న మాట దగ్గర. అక్కడ పనిచేయాలంటే జెడ్ వీసా, అంటే వర్క్ వీసా, ఉండాలి. స్కూలు వాళ్లు ముందు మీ అమ్మాయి పేరిట వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ లెటర్ తెప్పించి పంపితే, దాన్ని చూపించి ఇక్కడే ఆ వీసా తీసుకోవాలి. అది లేకుండా పాఠం చెప్తూ దొరికితే 5,000 నుంచి 20,000 యువాన్ల వరకు జరిమానా, మరీ తీవ్రమైతే 5 నుంచి 15 రోజుల నిర్బంధం. ఆ రోజు కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ ఎత్తుతారని నేను అనుకోను.

రెండో సంగతి. చైనా నిబంధనల ప్రకారం భాష నేర్పే విదేశీయులు సాధారణంగా తమ మాతృభాషనే నేర్పాలి. ఇంగ్లిష్ విషయంలో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా లాంటి దేశాల వాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు, మనల్ని కాదు. మీ అమ్మాయి ఇంగ్లిష్ ఎంత బాగున్నా ఇంతే. పైగా 2021 జులైలో అక్కడి ప్రభుత్వం స్కూలు సబ్జెక్టుల ట్యూషన్ సెంటర్లపై గట్టి ఆంక్షలు పెట్టింది, చాలా సెంటర్లు మూతపడ్డాయి. అయితే లెక్కల టీచరుగా అయితే తన దారి తెరిచే ఉంది. డిగ్రీ, సంబంధిత పనిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు, తనకు రెండూ ఉన్నాయి. ఏ-లెవెల్, ఐబీ లాంటి విదేశీ సిలబస్ చెప్పే ఇంటర్నేషనల్ స్కూళ్లలో లెక్కలు ఇంగ్లిష్‌లోనే చెప్తారు. అక్కడ ప్రయత్నించమనండి. సర్టిఫికెట్ల అటెస్టేషన్‌కూ, పోలీస్ క్లియరెన్స్‌కూ టైమ్ పడుతుంది కాబట్టి ఆ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఇక రోజువారీ తిప్పలు. మన తెలుగువాళ్లకు అక్కడ మొదట తగిలేది పేరు దెబ్బ. పాస్‌పోర్టులో పొడుగాటి ఇంటిపేరు, దాని వెనక రెండు మూడు ముక్కల పేరు ఉంటాయి. కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. అక్కడి బ్యాంకు గుమస్తా దాన్ని ఖాళీ లేకుండా కలిపి కొడతాడు, సిమ్ ఇచ్చే కుర్రాడు ముక్కలుగా కొడతాడు. చెల్లింపుల యాప్ ఈ రెండూ సరిపోల్చి చూసి ‘వివరాలు కలవలేదు’ అంటుంది. కూరగాయల బండి దగ్గర్నుంచి మెట్రో దాకా అంతా వీచాట్, అలీపేలలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే ఊళ్లో అది పెద్ద ఇబ్బందే. అందుకే పేరు ఎలా రాయాలో పాస్‌పోర్టు చూసి ఓ చీటీ మీద రాసుకుని, ప్రతిచోటా అదే కొట్టించమనండి. మన డెబిట్ కార్డు ఇంటర్నేషనల్ వాడకానికి ఆన్ చేయించి, ఇక్కడ ఉండగానే అలీపేకి కలిపితే మొదటి నెల గడిచిపోతుంది.

హోటల్లో కాకుండా ఫ్లాట్‌లో దిగితే 24 గంటల్లోపు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించుకోవాలి. కొత్తవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. ఆ తర్వాత 30 రోజుల్లోపు రెసిడెన్స్ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. శని ఆదివారాల్లో వేరేచోట ట్యూషన్ చెప్తే బాగుంటుందని ఎవరైనా ఆశ పెడతారు, ఒప్పుకోవద్దు. వర్క్ పర్మిట్‌లో ఉన్న చోట తప్ప ఇంకెక్కడ పనిచేసినా చట్టవిరుద్ధమే. కాంట్రాక్టులో చైనీస్ ప్రతే చెల్లుతుందని రాసి ఉందేమో చూసుకుని, ఉంటే దాన్ని సంతకానికి ముందే వేరేవాళ్లతో చదివించాలి. మానేసేటప్పుడు రిలీజ్ లెటర్ ఎన్నాళ్లలో ఇస్తారో అందులో ఉండాలి, అది లేకపోతే ఇంకో స్కూల్లో చేరడం కష్టం.

ఆదివారం పొద్దున్నే ‘క్లాసుకు రాలేదేం?’ అని మెసేజ్ వస్తే కంగారుపడక్కర్లేదు. అక్టోబర్ 1 జాతీయ దినోత్సవం, వసంతోత్సవం (చైనా కొత్త సంవత్సరం) లాంటి సెలవులకు బదులుగా కొన్ని శని, ఆదివారాలు పనిచేయిస్తారు. ఆ జాబితా ముందే ప్రకటిస్తారు గానీ అది కొత్త టీచరుకు చెప్పడం ఎవరికీ గుర్తుండదు.

చలి సంగతి ఊరిని బట్టి. హువాయ్ నదికి ఉత్తరాన బీజింగ్ లాంటి నగరాల్లో చలికాలంలో చాలా ఇళ్లకు ప్రభుత్వ హీటింగ్ ఉంటుంది. దక్షిణాన వుహాన్, షాంఘై వైపు అలా ఉండదు. కాబట్టి ‘దక్షిణం కదా, వెచ్చగా ఉంటుంది’ అనుకుని స్వెట్టర్లు తగ్గించకండి.

తిండి మీరనుకున్నంత కష్టం కాదు. బియ్యం, కూరగాయలు, టోఫు (సోయా పనీర్) ఎక్కడైనా దొరుకుతాయి. చిక్కల్లా బయట తిన్నప్పుడే. టోఫు కూర అని తెప్పిస్తే పైన మాంసం కీమా ఉండొచ్చు, ఆకుకూర కూడా పందికొవ్వుతో వేయించి ఉండొచ్చు. ‘మాంసం, గుడ్డు, జంతువుల కొవ్వు తినను’ అని చైనీస్‌లో రాయించి ఫోన్‌లో పెట్టుకోమనండి. కుక్కర్ కొనుక్కుంటే మిగతాది తనే చూసుకుంటుంది. మీరు మాత్రం పెట్టెలో నెయ్యి సీసా, కరివేపాకు కట్టలు సర్దకండి, పాల ఉత్పత్తులూ పచ్చి ఆకుకూరలూ అక్కడి కస్టమ్స్‌లో నిషేధం.

మీరు అడగనిది ఒకటుంది, ఫోన్. అక్కడ వాట్సాప్ పనిచేయదు. వాళ్లు వాడే వీచాట్‌ను మన ప్రభుత్వం 2020 జూన్‌లో నిషేధించింది. నిషేధించిన యాప్‌లను దొడ్డిదారిన తెరిపించే అనుమతి లేని వీపీఎన్‌ల జోలికి పోవడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. మన సిమ్‌ను రోమింగ్‌తో ఉంచుకుంటే దాని డేటాపై వాట్సాప్ వస్తుంది, మన బ్యాంకు ఓటీపీలూ వస్తాయి. ప్యాక్ ఖరీదు ముందే కనుక్కోండి. వాళ్ల టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. మీరు రాత్రి భోజనాలయ్యాక తొమ్మిదింటికి చేస్తే తనకు పదకొండున్నర అవుతుంది, అందుకే సాయంత్రం ఆరున్నరకు చేయండి.