వీరుడి గురించి పిల్లలకు చెప్పేటప్పుడు

చిరంజీవి బుజ్జమ్మకు పెదనాన్న ఆశీస్సులు.

ఆగస్టు 15న మీ బడిలో కల్నల్ సంతోష్ బాబు గారి గురించి మాట్లాడే పని నీకు అప్పగించారని ఫోనులో చెప్పావు. ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నావు. పటాలంలో పదిహేడేళ్లు చేసి వచ్చినవాణ్ని, మన జిల్లాలో ఇలాంటి సభల్లో చాలాసార్లు మాట్లాడినవాణ్ని. అందుకే ఎలా మొదలుపెట్టాలన్న దానికంటే ముందు, ఏం చెప్పకూడదో రాస్తున్నాను.

చాలా ఏళ్ల కిందట టెక్కలి వైపు ఒక ఊళ్లో, విధి నిర్వహణలో చనిపోయిన జవాను ఫోటోకు దండ వేసే సభకు పిలిచారు. నేను మైకు పట్టుకుని, సింహంలా గర్జించాడనీ, శత్రువులను చీల్చి చెండాడాడనీ నోటికొచ్చిన పెద్ద మాటలన్నీ చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక ఆ అబ్బాయి తల్లి నా దగ్గరకు వచ్చి చెయ్యి పట్టుకుంది. "బాబూ, మావాడు గట్టిగా మాట్లాడటం కూడా ఎరగడు. నువ్వు చెప్పింది ఎవరి గురించి?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చనిపోయిన బిడ్డ గురించి నాలుగు మాటలు వినాలని వచ్చిన తల్లికి, నేను వేరే ఎవరినో చూపించి పంపాను.

అందుకే తల్లీ, నీ కాగితంలో సింహాలు, పులులు, అగ్నిపర్వతాలు ఉంటే కొట్టెయ్యి. సంతోష్ బాబు గారు ఏం చేశారో అదే చెప్పు. పతకంతో పాటు ప్రకటించే ప్రశంసాపత్రం ఉంటుంది, పటాలంలో సైటేషన్ అంటాం. మొదట అది చదువు. 2020 జూన్ 15 రాత్రి, లద్దాఖ్‌లో చైనా సరిహద్దు దగ్గరి గల్వాన్ లోయ. ఆయన 16 బిహార్ పటాలానికి కమాండింగ్ ఆఫీసరు. శత్రువుకు ఎదురుగా పరిశీలన స్థావరం ఒకటి ఏర్పాటు చేయాలన్నది ఆయనకు అప్పగించిన పని. అవతలివాళ్లు ఎక్కువమంది. పదునైన ఆయుధాలతో మీద పడ్డారు, పక్కనున్న ఎత్తుల మీది నుంచి రాళ్లు రువ్వారు. ఒళ్లంతా గాయాలైనా ఆయన వెనక్కి తగ్గలేదు. ముందు నిలబడి తన మనుషులను నడిపిస్తూ, చేతులతో కలబడి పోరాడుతూ ప్రాణం విడిచారు. ఇందులో నువ్వు కలపవలసింది ఏమీ లేదు.

తుపాకులు ఎందుకు పేల్చలేదని పిల్లలు తప్పకుండా అడుగుతారు. మనకూ చైనాకూ మధ్య సరిహద్దుగా చూసే వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని 1996లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. ఇది నిదానంగా చెప్పు. దాడి జరుగుతున్నప్పుడు కూడా చేతులను అదుపులో పెట్టుకోవడం ఎంత కష్టమో పెద్ద తరగతుల పిల్లలకు అర్థమవుతుంది.

తర్వాత చలి. మన పిల్లలకు చలి అంటే సంక్రాంతి నాటి పొగమంచు, భోగి మంట. అక్కడ సుమారు 14 వేల అడుగుల ఎత్తు. అంత ఎత్తులో నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తుంది. చేతి తొడుగు తీసి ఇనుము పట్టుకుంటే చర్మం అతుక్కుంటుంది. నేను పనిచేసిన చోట బూటు లేసు కట్టుకోవడానికి కూడా మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకునేవాళ్లం. ఆ రాత్రి మనవాళ్లు 20 మంది చనిపోయారు. వాళ్లలో 17 మంది తీవ్ర గాయాలతో, సున్నా కంటే తక్కువ చలిలో ఉండిపోవడం వల్ల ప్రాణాలు విడిచారని సైన్యం మర్నాడు చెప్పింది. ఆ ఎత్తు, ఆ చలి పిల్లల కళ్లకు కట్టాక పోరాటం సంగతి చెప్పు.

ఆయన ఒక్కరి గురించే చెప్పి ఊరుకోకు. నాయక్ దీపక్ సింగ్ అనే నర్సింగ్ అసిస్టెంటు ఉన్నాడు. తాను దెబ్బలు తిని కూడా, గాయపడ్డవాళ్లకు వైద్యం చేస్తూనే ఉండి ముప్ఫై మందికి పైగా ప్రాణాలు కాపాడాడు, తాను మాత్రం మిగల్లేదు. మరణానంతరం వీర చక్ర ఇచ్చారు. మీ బడిలో నర్సు కావాలనుకునే ఆడపిల్లలు ఉంటారు కదా, వాళ్ల వైపు చూసి చెప్పు.

సంతోష్ బాబు గారిది సూర్యాపేట. ఆరో తరగతి నుంచి ఇంటరు దాకా చదివింది మాత్రం మన విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో. 1962 నుంచి ఉన్న బడి అది. మీ పిల్లలు రోజూ ఆ దారినే కదా వచ్చేది. అదే గాలి, అదే ఎండ, మీ ఆరో తరగతి పిల్లల వయసే. అమ్మానాన్నలను వదిలి హాస్టల్లో మొదటి రాత్రి పడుకున్న పిల్లవాడిగా మొదలుపెట్టు. నువ్వు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే.

పతకాల సంగతి రెండు ముక్కల్లో ముగించు. ఆయనకు వచ్చింది మహావీర చక్ర, యుద్ధరంగ పతకాల్లో పరమవీర చక్ర తర్వాతిది. వెండి పతకం, సగం తెలుపు సగం నారింజ రంగు రిబ్బను. 2021 నవంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన భార్య, తల్లి అందుకున్నారు.

మన శ్రీకాకుళం మనిషిని కూడా తలుచుకో. సంతబొమ్మాళి మండలం నగిరిపెంటకు చెందిన మేజర్ మల్ల రామగోపాల్ నాయుడు గారికి 2024లో కీర్తి చక్ర అనే శౌర్య పతకం ప్రకటించారు. 2023 అక్టోబరు 26న కశ్మీరులోని కుప్వారాలో, పాకిస్తాన్ వైపున్న నియంత్రణ రేఖ దగ్గర చొరబాటుదారుల కోసం కాపు కాసిన దళానికి ఆయన నాయకుడు. కాపు కాయడం అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలి. బయలుదేరే ముందు నీళ్ల సీసా మూతి దాకా నింపుకుంటాం, సగం ఉంటే నడకలో నీళ్లు చప్పుడు చేస్తాయని. బెల్టుకు వేలాడే ఇనుప ముక్కలన్నిటికీ టేపు చుడతాం. ఆ తర్వాత గంటలు గంటలు కదలకుండా పడుకోవాలి. దగ్గు వస్తే చొక్కా చేతిని నోట్లో కుక్కుకోవాలి. చీమ కుట్టినా చెయ్యి లేవకూడదు. నోరు ఎండిపోతుంది, గుండె కొట్టుకోవడం మనకే వినబడుతుంది. భయం వేస్తుందా అని ఏ పిల్లవాడైనా అడిగితే, వేస్తుందని మా పెదనాన్న చెప్పాడని చెప్పు.

అవతలి దేశం జనం మీద ద్వేషం నూరిపొయ్యకు. నేను చూసిన మంచి సిపాయిలెవరూ ద్వేషంతో పోరాడలేదు. పక్కన పడుకున్నవాడిని వదిలి రాలేక పోరాడారు.

మీ మండలంలో సైనికుడిని పోగొట్టుకున్న ఇల్లు ఏదైనా ఉంటే వారం ముందే స్వయంగా వెళ్లి పిలువు, కాగితం పంపించి ఊరుకోకు. వస్తామంటే ముందు వరుసలో కుర్చీ వెయ్యి. మాట్లాడమని మాత్రం ఒత్తిడి చెయ్యకు. నువ్వు చెప్పబోయేది వాళ్లకు ముందే ఒకసారి వినిపిస్తే ఇంకా మంచిది.

ఆగస్టు ఎండ తెలుసు కదా. ఉపన్యాసం అయ్యేదాకా పిల్లలను మైదానంలో నిలబెట్టకండి. ఒకళ్లిద్దరు కళ్లు తిరిగి పడిపోతారు, మిగతావాళ్లు అటే చూస్తారు. చెట్టు నీడన కూర్చోబెట్టి చెప్పు. రాసింది పోస్టులో పంపితే చూసి తిప్పి పంపిస్తాను.

మీ పెద్దమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న