అంకెలకు బ్లర్ చాలదు, నల్ల పట్టీ వేయండి

ప్రశ్న: బైకు అమ్మకానికి పెడుతూ నంబర్ ప్లేటునీ, ఆర్‌సీ కార్డునీ ఫోన్‌లోనే బ్లర్ చేశాను. ఎవరైనా తిరిగి చదవగలరా?
- ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చదివే వీలుంది, ముఖ్యంగా అంకెల్ని. బ్లర్ అంటే చెరిపేయడం కాదండీ. ఒక్కో పిక్సెల్ రంగును చుట్టుపక్కల పిక్సెళ్లతో కలిపి సగటు తీయడం. ఎంత మసకబారినా 8 మసక, 1 మసకలా ఉండదు. 0 నుంచి 9 దాకా ఒక్కో అంకెనూ అదే సైజులో, అంతే బ్లర్ చేసి మీ ఫొటో పక్కన పెట్టి పోల్చుకుంటూ పోతే దొరికిపోతుంది. మొదట ఏపీ 39 అనో, పాత బండైతే ఏపీ 07 అనో ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. ఇక మిగిలేది ఒకటి రెండు అక్షరాలు, నాలుగంకెలు. గళ్లుగళ్లుగా మార్చే పిక్సెలేట్‌తోనూ ఇదే చిక్కు. స్క్రీన్‌షాట్లలో అలా దాచిన అక్షరాల్ని తిరిగి తీసే డీపిక్స్ అనే ఉచిత టూల్ 2020లోనే వచ్చింది. మెలితిప్పే స్వర్ల్ ఎఫెక్ట్ మరీ బలహీనం. 2007లో ఇంటర్‌పోల్ వెతుకుతున్న ఓ నేరస్థుడు అలా దాచుకున్న ముఖాన్ని జర్మనీ పోలీసు నిపుణులు వెనక్కి తిప్పి బయటపెట్టారు.

కాబట్టి నంబరున్న చోట నిండు నల్ల పట్టీ వేయండి. గ్యాలరీలో ఎడిట్, తర్వాత మార్కప్‌లోకి వెళ్లి పెన్ను తీసుకోండి, హైలైటర్ వద్దు. హైలైటర్ రంగు పారదర్శకం. నాలుగుసార్లు రుద్దితే పైకి నల్లగానే ఉంటుంది, బ్రైట్‌నెస్, షాడోస్ పూర్తిగా పెంచగానే అడుగున అంకెలు తేలుతాయి. ఫొటో పెట్టేముందు ఈ పరీక్ష మీరే చేసి చూడండి. ఆర్‌సీ ఫొటో అయితే ప్రకటనలో అసలు అక్కర్లేదు, కొనేవాళ్లు వచ్చాక చూపిస్తే సరిపోతుంది. పెట్టక తప్పదంటే పేరు, చిరునామా, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరుతో పాటు క్యూఆర్ కోడ్ ఉంటే దాన్నీ కప్పండి. చాలామంది మర్చిపోయేది దాన్నే.

పట్టీ వేశాక ఆ ఫొటోను స్క్రీన్‌షాట్ తీసి, అదే పెట్టండి. కొన్ని ఫోన్లు ఎడిట్‌కు ముందున్న ఫొటోను కూడా దాచి ఉంచుతాయి. పైగా ఇంటి ముందు తీసిన ఫైల్లో లొకేషన్ ఉండొచ్చు. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లొకేషన్ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఫైలుతో పాటే వెళ్తుంది.

ప్రశ్న: ప్రకాశం బ్యారేజీ దగ్గర మా పాపను పోర్ట్రెయిట్ మోడ్‌లో తీస్తే జుట్టు చుట్టూ అంచు వికారంగా వస్తోంది. వెనక జనం ముఖాలూ తెలుస్తున్నాయి.
- ఓ పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: బ్లర్ అందం ఇలాంటి ఫొటోలకే. ఏది దగ్గర, ఏది దూరం అన్నది ఫోన్ చాలావరకు అంచనా వేస్తుంది. గాలికి ఎగిరే వెంట్రుకల దగ్గర ఆ అంచనా తప్పుతుంది. పాపను మీకు మీటరున్నర దూరంలో, రెయిలింగుకు నాలుగైదు మీటర్లు ఇవతల నిలబెట్టండి. తల వెనక జనం కాకుండా నీళ్లో ఆకాశమో ఉండేలా చూసుకోండి.

ఇప్పటికే తీసిన ఫొటో అయితే ఫొటోలు దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌లో లెన్స్ బ్లర్ ఎంచుకుని, గుండ్రటి గీతను పాప చుట్టూ సాగదీయండి. ట్రాన్సిషన్ పెంచితే అంచు కత్తిరించినట్టు కాకుండా మెల్లగా కరుగుతుంది.

జనం ముఖాలు దాచాలంటే మాత్రం బ్లర్ గట్టిగా ఉండాలి. 12 మెగాపిక్సెల్ ఫొటోలో ముఖం 400 పిక్సెళ్ల వెడల్పు ఉంటే, కంప్యూటర్‌లో ఫొటోలు దిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో 10 పిక్సెళ్ల గాసియన్ బ్లర్ దాన్ని కాస్త మెత్తబరుస్తుందంతే, తెలిసినవాళ్లు గుర్తుపట్టేస్తారు. అక్కడ 60 దాటించండి.