తాళంకప్ప సరిగ్గానే ఉంది, తలుపే బార్లా తెరిచి ఉంది

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో మాకు స్పేర్ పార్టుల షాపు ఉంది. మా అబ్బాయి గుంటూరులో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాడు. ఈమధ్య లినక్స్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళితే, 'పాస్‌వర్డ్ లేకుండా ఇంకో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యేలా కీ పెట్టాం. అయినా పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏం చూస్తావు?' అన్నారట. వీడు 'పర్మిషన్లన్నీ 777 ఇచ్చేస్తాను' అన్నాడట. అక్కడితో ఇంటర్వ్యూ అయిపోయింది. ఇప్పుడు అమీర్‌పేట వెళ్ళి కోర్సు చేస్తానంటున్నాడు. అసలు పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వెళ్ళడం దొంగపని కాదా? ఈ లైన్‌లో పని దొరుకుతుందా?

జవాబు: దొంగపని కాదండీ, టెన్షన్ పడకండి. మీ షాపు షట్టర్‌కి వేసే తాళంకప్ప, తాళంచెవి గుర్తుచేసుకోండి. ఎస్‌ఎస్‌హెచ్ అనే పద్ధతిలో మీవాడి కంప్యూటర్ ఈ రెండింటినీ జతగా తయారుచేస్తుంది. కప్పలాంటి పబ్లిక్ కీని ఎన్ని సర్వర్లకైనా ఇవ్వొచ్చు. తాళంచెవిలాంటి ప్రైవేట్ కీ మాత్రం వాడి దగ్గరే ఉండాలి. నెట్‌వర్క్ మీద పాస్‌వర్డ్ ప్రయాణించదు కాబట్టి, దారిలో కాజేయడానికి ఏమీ ఉండదు. 1995లో ఫిన్లాండ్‌లో టాటూ యూలొనెన్ దీన్ని తయారుచేసింది కూడా తన యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డ్‌లు కాజేశాకే.

ఇక ఆ ఇంటర్వ్యూ ప్రశ్న. నా దృష్టిలో చాలా మంచి ప్రశ్న. మీవాడి జవాబే ఆ జబ్బుకి కారణం కావొచ్చు.

లినక్స్ అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే. అందులో ఫైలు పర్మిషన్లు అంకెల్లో ఉంటాయి: చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిపితే 7. మూడు అంకెల్లో మొదటిది యజమానికి, రెండోది గ్రూపుకి, మూడోది మిగతా అందరికీ. 777 అంటే దారిన పోయేవాడికి కూడా అన్ని హక్కులూ ఇచ్చేసినట్టు. పబ్లిక్ కీలు ఉండే ఫైలులో గానీ, దాని ఫోల్డర్‌లో గానీ, ఆ యూజర్ సొంత ఫోల్డరైన హోమ్ డైరెక్టరీలో గానీ ఇతరులు రాయగలిగితే, ఎవడైనా తన కప్ప తెచ్చి అక్కడ తగిలించుకోవచ్చు కదా? అందుకే సర్వర్ ఆ కీలను నమ్మదు. పక్కన పెట్టేసి మామూలుగా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎందుకు అడుగుతోందో లాగిన్ అయ్యేవాడికి చెప్పదు. ఆ కారణం సర్వర్ లాగ్‌లో, అంటే జరిగినవి రాసుకునే ఫైలులో మాత్రం రాసి ఉంటుంది. మంచి జవాబు ఇలా ఉండేది: 'సర్వర్ లాగ్ చూస్తాను. కీల ఫోల్డర్ 700, ఫైలు 600 ఉన్నాయా, వాటి యజమాని ఆ యూజరేనా, హోమ్ డైరెక్టరీలో ఇతరులకు రాసే హక్కు ఉందా, ఇవి చూస్తాను.' రెడ్ హ్యాట్ అనే కంపెనీ లినక్స్ తరహా సిస్టమ్ అయితే, ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఎస్‌ఈలినక్స్ అనే అదనపు కాపలా ఫైళ్ళకి వేసే లేబుల్ అడ్డుపడొచ్చు. అంతవరకు చెప్పగలిగితే అవతలివాళ్ళు కుర్చీలో ముందుకు జరుగుతారు.

మీవాడిని తప్పుపట్టకండి. నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఆఫీసులో ఫైళ్ళు పంచుకోవడం కుదరట్లేదని ఒకాయన హోమ్ డైరెక్టరీలన్నిటికీ 777 కొట్టాడు. ఆ సాయంత్రానికి అందరూ సంతోషం. రాత్రి 2 గంటలకు బ్యాకప్ స్క్రిప్ట్ ఇంకో సర్వర్ నుంచి ఈ సర్వర్‌లోకి కీతో రావాలి. సర్వర్ దాన్ని పాస్‌వర్డ్ అడిగింది. ఆ వేళప్పుడు టైప్ చేయడానికి ఎవరుంటారు? బ్యాకప్ ఆగిపోయిందని వారం దాకా ఎవరికీ తెలియలేదు.

అమీర్‌పేట సంగతి. రెండు నెలలు ఆపండి. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపే వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు లినక్స్ మెషీన్లు ఉచితంగా పెట్టుకోవచ్చు. లినక్స్ రకాల్లో ఒకటి ఉబుంటు, ఒకటి రెడ్ హ్యాట్ తరహా ఆల్మాలినక్స్ అయితే మేలు. లాగ్ ఫైలు పేరు కూడా రెండింటిలో వేరు, ఆ తేడా చేతికి తెలుస్తుంది. ఒకదాని నుంచి ఇంకోదానికి కీతో లాగిన్ అవ్వమనండి. అయ్యాక తనే చెడగొట్టాలి. హోమ్ డైరెక్టరీకి 777 ఇచ్చి, లాగ్‌లో ఏం పడిందో చదివి, బాగుచేయాలి. చెడగొట్టే ముందు లాగిన్ అయి ఉన్న ఒక విండో తెరిచే ఉంచుకోవాలి. రేపు నిజం సర్వర్ దగ్గర వాడి ఉద్యోగాన్ని కాపాడే అలవాటు అది. ఇది విసుగనిపిస్తే కోర్సు డబ్బులు మిగిలినట్టే. ఆసక్తి పుడితే అప్పుడు ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే రెడ్ హ్యాట్ సర్టిఫికెట్ పరీక్షకి కట్టండి. అందులో టిక్కులు పెట్టడం ఉండదు, మెషీన్ మీద పని చేసి చూపించాలి. కీతో లాగిన్ అమర్చడం కూడా ఆ సిలబస్‌లో ఉంది.

పని దొరుకుతుంది. సర్వర్లు క్లౌడ్‌లోకి వెళ్ళినా ఎక్కువగా నడిచేది లినక్స్ మీదే. కానీ కొత్తవాళ్ళకి మొదట వచ్చేది సపోర్ట్, అదీ తరచుగా నైట్ షిఫ్ట్. గన్నవరం మేధా టవర్స్, మంగళగిరి వైపు కూడా కంపెనీలున్నాయి, అక్కడా ప్రయత్నించాలి. అయితే హైదరాబాద్ వెళ్ళాల్సి రావచ్చని ఇంట్లో ఇప్పుడే అనుకోండి.

అన్నట్టు, మీ షాపు బిల్లింగ్ కంప్యూటర్ జోలికి మాత్రం వాడిని ఈ రెండు నెలలూ రానివ్వకండి.