చేతి చమురు ఎంతవరకు?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఈ మేలో పొలిటికల్ సైన్స్ డిగ్రీ పూర్తవుతుంది. వాషింగ్టన్‌లో ఒక ప్రతినిధుల సభ సభ్యుడి ఆఫీసులో పది వారాల ఇంటర్న్‌షిప్ వచ్చింది. వాళ్లు ఇచ్చేది మొత్తం కలిపి 1,200 డాలర్లు. గది, తిండి, మెట్రో అన్నీ కలిపి 6,000 అవుతుందని తను లెక్క వేసింది. తన పేరు మీద 27,000 ఫెడరల్ విద్యారుణం ఉంది, చదువు కోసం మేం దాచిన 529 పొదుపు ఖాతాలో 9,000 మిగిలింది. ‘ఎదురు డబ్బు పెట్టి చేసేది ఉద్యోగమెలా అవుతుంది?’ అని మావారు. నా రిటైర్మెంట్ ఖాతా 401(కె)లోంచి తీసి ఇద్దామని నేను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ 401(కె) జోలికి వెళ్లకండి. యాభై తొమ్మిదిన్నరేళ్లు నిండకముందు తీస్తే పన్ను కాక మామూలుగా పది శాతం జరిమానా పడుతుంది. మీకు తక్కువ పడుతున్నది 4,800. మీరు 22 శాతం పన్ను శ్లాబులో ఉన్నారనుకుంటే, అంత చేతికి రావడానికి 7,000 పైనే తీయాలి. 529 డబ్బుతో గది అద్దె కట్టడమూ కుదరదు. డిగ్రీ అయిపోయాక అది చదువు ఖర్చు కిందకు రాదు, వచ్చిన లాభం మీద పన్నూ జరిమానా రెండూ పడతాయి. ఆ 9,000 అలాగే ఉండనివ్వండి, దాని పని తర్వాత చెబుతాను.

మీవారి మాటలో న్యాయం ఉంది, ఇది చేతి చమురు వదిలించుకునే వ్యవహారమే. కానీ ఆ ఆఫీసు పిసినారిదని అప్పుడే తేల్చేయకండి. కార్మిక చట్టాలను కాంగ్రెస్‌కూ వర్తింపజేస్తూ 1995లో చట్టం చేసుకున్నప్పుడు, కనీస వేతనం విషయంలో ఇంటర్న్‌లను బయటే ఉంచారు. ఇంటర్న్‌ల కోసం విడిగా డబ్బు కేటాయించింది 2018లో. అప్పుడు ప్రతినిధుల సభలో ఒక్కో ఆఫీసుకు ఏడాదికి ఇచ్చింది 20,000 డాలర్లు. తర్వాత పెంచారు గానీ, వేసవికీ శరదృతువుకీ వసంతానికీ వచ్చే పిల్లలందరికీ పంచితే ఒక్కొక్కరికి దక్కేది ఇంతే.

ఒక పని మాత్రం ఈ వారమే చేయమనండి. ప్రతినిధుల సభ మూడు నెలలకోసారి ఖర్చుల పట్టిక ప్రచురిస్తుంది. ఏ సభ్యుడి ఆఫీసులో ఎవరికి ఎంత చెల్లించారో పేరూ హోదాతో సహా అందులో ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు. తను చేరబోయే ఆఫీసు పేజీలు గత రెండేళ్లవి తిరగేస్తే చాలు. ఇంటర్న్ అన్న హోదాతో కనిపించిన పేరే ఆ తర్వాత స్టాఫ్ అసిస్టెంట్‌గా కనిపిస్తే, అక్కడ ఇంటర్న్‌లను ఉద్యోగంలోకి తీసుకుంటారన్నమాట. ఒక్క పేరూ మళ్లీ కనపడకపోతే, ఆ పది వారాల్లో మిగిలేవి ఫోన్లెత్తడం, ఉత్తరాలు విప్పడం, కాపిటల్ భవనం చూడ్డానికి వచ్చినవాళ్లను తిప్పడం, చివర్లో ఒక సిఫారసు లేఖ. అలాంటిచోటికి 4,800 పెట్టి పంపమని నేనైతే అనను.

ఉద్యోగం వస్తే ఎంతొస్తుంది? ప్రతినిధుల సభ సిబ్బందికి కనీస జీతం ఏడాదికి 45,000గా 2022లో నిర్ణయించారు. మొదటి మెట్టు స్టాఫ్ అసిస్టెంట్. మా అబ్బాయి వయసు పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో తెచ్చుకునే జీతాలు విన్న చెవులకు ఇది చిల్లరలాగే వినిపిస్తుంది. పన్నులు, పెన్షన్ కోత, ఆరోగ్య బీమా, పొదుపు పోను చేతికొచ్చేది నెలకు 2,600 అటూ ఇటూగా ఉంటుందని నా లెక్క. పంచుకున్న ఇంట్లో గదికి 1,300 అనుకుంటే సగం అక్కడే పోతుంది.

కానీ చెక్కు మీద కనపడని డబ్బుంది. జీతంలో ఐదు శాతం టీఎస్పీలో, అంటే ఫెడరల్ ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు ఖాతాలో వేసుకుంటే ప్రభుత్వం ఇంకో ఐదు శాతం వేస్తుంది. అందులో ఒక శాతం తను వేసినా వేయకపోయినా వస్తుంది, అయితే కాంగ్రెస్ సిబ్బందికి అది సొంతం కావడానికి రెండేళ్ల సర్వీసు ఉండాలి. పెన్షన్ హక్కుకు ఐదేళ్లు. అన్నిటికన్నా మీకు పనికొచ్చేది అప్పు తీర్చే సాయం. ఆఫీసు ఒప్పుకుంటే నెలకు 833 డాలర్ల వరకు తన విద్యారుణానికి కడుతుంది. దాన్ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను కోస్తారు, అయినా 27,000 అప్పు మూడేళ్లకు కాస్త అటూ ఇటూగా తీరిపోతుంది. ప్రభుత్వ ఉద్యోగులకు 120 వాయిదాల తర్వాత అప్పు మాఫీ అనే పథకమూ ఉంది గానీ, పదేళ్లు ఆగాల్సినంత అప్పు కాదు మీది. అందుకే జీతం బేరమాడే ముందు ‘విద్యారుణ సాయం ఇస్తారా, ఎంత?’ అని అడగమనండి. కొన్ని ఆఫీసులు అడిగితేనే చెబుతాయి. ‘ఇవ్వం’ అని వాళ్లంటే అప్పుడు 529 తీయండి. విద్యారుణం తీర్చడానికి జీవితకాలంలో 10,000 వరకు అందులోంచి పన్ను లేకుండా వాడుకోవచ్చు.

ఇంకో చిక్కుంది. సభ్యుడు రెండేళ్లకోసారి ఓటర్ల ముందుకెళ్లాలి. ఆయన ఓడితే జనవరి మొదటి వారానికి ఆఫీసంతా ఖాళీ. తన పని ఎంత బాగున్నా లాభం లేదు. కాబట్టి మొదటి ఏడాది ఎలాగోలా మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవాలి. ఆ ఏడాది మీరు తనకు ఫోన్ బిల్లు, కారు బీమా కడితే నేను తప్పుపట్టను.

ఇక ఇప్పటి 4,800. ఆ ఆఫీసు ఇంటర్న్‌లను ఉద్యోగంలోకి తీసుకుంటుందని పట్టికలో తేలితే, మీ ఇద్దరి నెల జీతాల్లోంచి ఐదారు నెలల్లో సర్దండి, తనకు ఒకేసారి ఇవ్వండి, వారం వారం లెక్క అడగకండి. క్రెడిట్ కార్డు మాత్రం చేతిలో పెట్టొద్దు. నా దగ్గరికొచ్చిన ఒక కుటుంబం అలాగే చేసి, ఒక వేసవి అనుకున్నది మూడు విడతల ఇంటర్న్‌షిప్ అయ్యేసరికి, అబ్బాయికి ఉద్యోగం రాకముందే 14,000 బాకీలో ఉంది. మీరు ఎప్పటిదాకా అన్న గడువును మొదట్లోనే చెప్పండి. మేలో డిగ్రీ అయితే ఆరు నెలల వెసులుబాటు పోను నవంబరులో అప్పు మొదటి వాయిదా వస్తుంది. ఆలోగా ఆ ఆఫీసులోనో ఇంకో ఆఫీసులోనో జీతమున్న పని దొరకాలి. దొరక్కపోతే ఇంటికొచ్చి, మీ రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లోని శాసనసభలోనో మరోచోటో జీతమిచ్చే పని చూసుకోవాలి. ఈ మాట మీరు కాదు, మీవారే తనతో అంటే బాగుంటుంది.